కౌలుకు తెచ్చుకున్న ఆటలు



షార్జాలో మేముండే భవనంలో, మా కింది అంతస్తులో ఒక తెలుగు కుటుంబం ఉండేది. తొమ్మిదేళ్ళు ఉన్నారు. ఇంటాయన ఉద్యోగం ముగిసింది. పిల్లల పరీక్షలయ్యేదాకా ఆగి, మార్చి నెలాఖరున ఊరికి బయలుదేరారు. గల్ఫ్‌లో ఇల్లు ఖాళీ చేయడం ఎలా ఉంటుందో ఇక్కడున్న ప్రతి తెలుగువాడికీ తెలుసు. మంచం ఒకరికి, ఫ్రిజ్ ఒకరికి, కుక్కరూ గిన్నెలూ కొత్తగా వచ్చిన కుర్రాళ్ళకి. కొంత సామాను కార్గోలో వేస్తాం. మిగతాది విమానంలో మనిషికిచ్చే కిలోల లెక్కలోకి సర్దుకుంటాం. ఆ వారం రోజులూ ప్రతి వస్తువునూ చేతిలోకి తీసుకుని ఒక్కటే ప్రశ్న వేసుకుంటాం: ఇది పట్టుకెళ్ళాలా, అమ్మాలా, ఇచ్చేయాలా?

వాళ్ళబ్బాయికి పద్నాలుగేళ్ళు. ఒక సాయంత్రం చిన్న అట్టపెట్టె మోసుకుని మా ఇంటికి వచ్చాడు. అందులో పదిహేను దాకా గేమ్ డిస్క్‌లు ఉన్నాయి. "ఇవి మీవాడికి అంకుల్, వాడికి ఇష్టమని నాకు తెలుసు" అన్నాడు. మా అబ్బాయి ముఖం వెలిగిపోయింది. తర్వాత ఆ పిల్లవాడు కాస్త ఆగి ఇంకో మాటన్నాడు. "ఇంకో నలభై గేమ్‌లున్నాయి అంకుల్. అవి ఇవ్వడం కుదరదు."

"ఎందుకు కుదరదు నాన్నా?"

"అవి అకౌంట్లో ఉన్నాయి."

అప్పటికే వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. "అవీ డబ్బు పెట్టే కొన్నాం కదరా" అంది. ఆ అబ్బాయి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. ఈ రోజు నా ప్రసంగమంతా ఆ తల్లి అడిగిన మాట గురించే. డబ్బు పెట్టి కొన్నాం. మరి మనది ఎందుకు కాలేదు?

మన పల్లెల్లో పుట్టినవాడికి ఈ తేడా కొత్త కాదు. పట్టా భూమి ఉంటుంది, కౌలు భూమి ఉంటుంది. రెండింట్లోనూ అదే నీరు, అదే పంట. చూసేవాడికి తేడా తెలియదు. కానీ పట్టా ఉన్న రైతు ఆ పొలాన్ని అమ్ముకోగలడు, కూతురికి రాసివ్వగలడు, పడావు పెట్టగలడు. కౌలు రైతు దున్నుకోగలడు, అంతే. షరతులు భూస్వామివి. దుబాయ్‌లో ఉన్నవాళ్ళకు ఇంకో పోలిక చెబుతాను. 2002 దాకా అక్కడ విదేశీయులు ఇల్లు అద్దెకు తీసుకోవడమే గాని సొంతంగా కొనుక్కునే వీలు లేదు. ఆ ఏడాది కొన్ని ప్రాంతాల్లో ఫ్రీహోల్డ్ హక్కు తెరిచారు. అప్పటినుంచి ఫ్లాట్ కొనేముందు ప్రతివాడూ అడిగే మొదటి మాట, ఇది ఫ్రీహోల్డా, లీజా అని. డిస్క్ రూపంలో కొన్న గేమ్ పట్టా లాంటిది. డౌన్‌లోడ్ చేసుకున్న గేమ్ చాలా వరకు కౌలు లాంటిది. డబ్బు కట్టే చోట 'కొనండి' అని రాసి ఉన్నా, లోపల పేజీలకొద్దీ సాగే ఒప్పందంలో ఉండేది లైసెన్సు, అంటే ఆడుకునే అనుమతి.

మా తరానికి ఆట అంటే చేత్తో పట్టుకునే వస్తువు. ఊళ్ళో టీవీకి తగిలించే వీడియో గేమ్ పెట్టె, దాని నెత్తిన గుచ్చే క్యాసెట్టు. అందులో మారియో, కాంట్రా. దాన్ని క్యాసెట్టే అనేవాళ్ళం. పనిచేయకపోతే బయటికి తీసి నోటితో గట్టిగా ఊది మళ్ళీ గుచ్చేవాళ్ళం. నీ దగ్గరున్నది నాకివ్వు, నా దగ్గరున్నది నువ్వు తీసుకో. వీధిలో నాలుగు క్యాసెట్లుంటే వీధంతటికీ నాలుగు ఆటలున్నట్టే. గల్ఫ్ దేశాల్లో ఇలాగే సఖ్ర్ అనే కంప్యూటర్ ఇళ్ళలోకి వచ్చింది. కువైట్‌కు చెందిన అల్ ఆలమియా సంస్థ తెచ్చిన యంత్రం అది. అరబిక్ కీబోర్డు ఉన్న ఆ కంప్యూటర్లోనూ ఆటలను క్యాసెట్టులాగే గుచ్చేవాళ్ళు. ఇక్కడి పెద్దలను అడిగితే ఇప్పటికీ దాని పేరు ప్రేమగా చెబుతారు.

తర్వాత సీడీలొచ్చాయి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చినాయ్ ట్రేడ్ సెంటర్, మనమంతా సీటీసీ అని పిలిచే చోటు, మాకు తీర్థయాత్ర. అక్కడ కొన్న సీడీలన్నీ అసలువని నేను చెప్పను. చాలావాటికి పైన మార్కర్‌తో రాసిన పేరు తప్ప ఏమీ ఉండేది కాదు. అది తప్పేనని ఇప్పుడు తెలుసు. ఆ గేమ్ తయారుచేయడానికి రాత్రింబవళ్ళు కష్టపడ్డవాళ్ళకు మా వందల సీడీల్లోంచి ఒక్క పైసా చేరలేదు. నేను మొదటిసారి అసలు గేమ్ పెట్టెను చేత్తో పట్టుకున్నది ఇక్కడికి వచ్చాకే. బర్ దుబాయ్‌లో ఖాలిద్ బిన్ అల్ వలీద్ రోడ్డు, ఇక్కడివాళ్ళు కంప్యూటర్ స్ట్రీట్ అంటారు. ఆ రోడ్డు మీద ఒక షాపులో పెట్టె తెరిచాను. డిస్క్, చిన్న పుస్తకం, కొత్త అచ్చు వాసన. ఆ పుస్తకాన్ని బస్సులో చదువుకుంటూ ఇంటికొచ్చాను.

మన తెలుగు కుర్రాళ్ళు రెండు దశాబ్దాలుగా వదలని గేమ్ ఒకటుంది. ఈఏ స్పోర్ట్స్ క్రికెట్ 07. 2006 నవంబరులో వచ్చింది. ఆ తర్వాత ఆ కంపెనీ కంప్యూటర్లకు ఇంకో క్రికెట్ గేమ్ తీసుకురాలేదు. దీన్ని డౌన్‌లోడ్ షాపుల్లోనూ పెట్టలేదు. ఐపీఎల్ పుట్టింది 2008లో. అంటే ఈ గేమ్ అంతకంటే పాతది. అయినా అభిమానులు తమంతట తామే ప్యాచ్‌లు తయారుచేసి ఐపీఎల్ జట్లనూ, కొత్త ఆటగాళ్ళనూ, కొత్త జెర్సీలనూ అందులోకి తెచ్చారు. ఇదెలా సాధ్యమైంది? ఆ సీడీ వాళ్ళ చేతుల్లో ఉంది కాబట్టి. తాళం వేయడానికి దూరంగా ఒక సర్వర్ లేదు కాబట్టి. కంపెనీ ఎప్పుడో మరిచిపోయిన ఆటను ఆడేవాళ్ళు బతికించుకున్నారు.

ఈ మార్పు ఎలా వచ్చిందో చూద్దాం. 2003 సెప్టెంబరులో అమెరికాలోని వాల్వ్ సంస్థ, తర్వాత డౌన్‌లోడ్ షాపుగా మారిన స్టీమ్‌ను మొదలుపెట్టింది. మరుసటి ఏడాది వాళ్ళ హాఫ్ లైఫ్ 2 గేమ్ వచ్చింది. షాపులో డిస్క్ కొన్నవాళ్ళు కూడా ఇంటర్నెట్‌కు కలిసి, స్టీమ్ అకౌంట్ తెరిస్తే తప్ప ఆ గేమ్ నడవలేదు. డిస్క్ చేతిలో ఉన్నా తాళంచెవి వేరొకరి దగ్గర ఉండటం అక్కడే మొదలైంది. 2013లో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ వన్ అనే గేమ్ కన్సోల్‌ను ప్రకటిస్తూ, డిస్క్‌ను మరొకరికి ఇవ్వడం మీద, పాత డిస్క్ అమ్మడం మీద ఆంక్షలు పెట్టబోయింది. ప్రపంచమంతా గగ్గోలు పెట్టడంతో జూన్ 19న వెనక్కి తగ్గింది. కానీ ఆ రోజు బలవంతంగా చేయలేకపోయిన పని తర్వాత సౌకర్యం పేరుతో మెల్లగా జరిగిపోయింది. 2020 నవంబరులో ప్లేస్టేషన్ 5 కన్సోల్ రెండు రకాలుగా వచ్చింది. ఒకదానికి డిస్క్ పెట్టే చోటే లేదు. 2024 నవంబరులో వచ్చిన ఖరీదైన ప్లేస్టేషన్ 5 ప్రోకు కూడా లేదు. కావాలంటే డిస్క్ డ్రైవ్ వేరే కొనుక్కోవాలి.

ఈ మార్పుకు ఎమిరేట్స్ కంటే అనువైన నేల లేదనే చెప్పాలి. ఇంటింటికీ ఫైబర్ చేర్చిన దేశాల ప్రపంచ పట్టికలో ఈ దేశం ఏళ్ళ తరబడి మొదటి స్థానంలో నిలిచింది. నూరు గిగాబైట్ల గేమ్ అనుకోండి. సెకనుకు 250 మెగాబిట్ల కనెక్షన్ ఉన్న దుబాయ్ ఫ్లాట్‌లో అది గంటలోపే దిగుతుంది. అదే గేమ్ 20 మెగాబిట్ల కనెక్షన్ ఉన్న మన ఊరి ఇంట్లో దిగడానికి పదకొండు గంటలు పడుతుంది, అదీ మధ్యలో కరెంటు పోకుండా ఉంటే.

డౌన్‌లోడ్ చేసిన మేలు కూడా చెప్పాలి. దాన్ని దాచిపెట్టి తీర్పు చెబితే అది న్యాయం కాదు. బెడ్ స్పేస్‌లో ఉండే కుర్రాణ్ణి ఊహించుకోండి. ఒక గదిలో ఆరుగురు. మంచం కింద ఒక సూట్‌కేసు, గోడకు ఒక మేకు, అదే అతని ఆస్తి. డిస్క్‌ల పెట్టెలు ఎక్కడ పెట్టుకుంటాడు? ఒక ల్యాప్‌టాప్, అందులో తన ఆటలన్నీ. రాత్రి షిఫ్టు నుంచి వచ్చి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, పక్కవాడి నిద్ర చెడకుండా గంటసేపు ఆడుకుంటాడు. ఆ గంట అతనికి ఎంత అవసరమో నాకు తెలుసు. కంపెనీ క్యాంపు మార్చినా, కొలువు అబూ ధాబీ నుంచి రాస్ అల్ ఖైమాకు మారినా, అతని ఆటలు బరువు లేకుండా అతనితోనే వస్తాయి.

ఇంకో మేలు అంతకంటే పెద్దది. హైదరాబాద్‌లో ఓగర్ హెడ్ స్టూడియో అనే చిన్న బృందం మన పురాణాల రాక్షసుల లోకాన్ని తీసుకుని అసుర అనే గేమ్ చేసింది. 2017లో స్టీమ్‌లో విడుదలైంది. అంత చిన్న బృందం వేల డిస్క్‌లు అచ్చువేసి, దేశదేశాలకు ఓడల్లో పంపి, షాపుల అరల్లో చోటు సంపాదించడం అయ్యే పనేనా? డౌన్‌లోడ్ లేకపోతే ఆ గేమ్ షార్జాలో నా ఇంటికి చేరేది కాదు. చిన్నవాళ్ళకు, కొత్తవాళ్ళకు, మన భాషల్లో ప్రయత్నాలు చేసేవాళ్ళకు డౌన్‌లోడ్ ఒక తలుపు తెరిచింది. ఆ తలుపు మూయమని నేను ఎన్నటికీ అనను.

నా బాధ అమ్మే పద్ధతి గురించి. ఇక్కడ వలసవాళ్ళకు ప్రత్యేకంగా తగిలే చిక్కు ఒకటుంది. అది మా ఇంట్లోనే జరిగింది. మా అబ్బాయికి మొదటి కన్సోల్ కొన్నప్పుడు అకౌంట్ తెరుస్తూ, దేశం అని ఉన్నచోట ఆలోచించకుండా ఇండియా అని పెట్టాను. మనం ఇండియావాళ్ళమే కదా. తర్వాత పుట్టినరోజుకు వాడి స్నేహితులు తలా కొంత వేసుకుని ఇక్కడి షాపులో గిఫ్ట్ కార్డు కొనిచ్చారు. అది పనిచేయలేదు. ఎమిరేట్స్ కార్డు ఎమిరేట్స్ అకౌంట్‌కే చెల్లుతుందట. దేశం మార్చమని కంపెనీకి రాశాను. ఒకసారి పెట్టిన దేశం మార్చడం కుదరదని, కొత్త అకౌంట్ తెరుచుకోమని జవాబు వచ్చింది. మరి పాత అకౌంట్లో కొన్నవి? అవి అందులోనే ఉంటాయి. వాడు ఇప్పటికీ రెండు అకౌంట్ల మధ్య తిరుగుతూనే ఉన్నాడు.

ఇలాంటి నిబంధన అన్ని కంపెనీలకూ ఒకేలా ఉండదు. ఉదాహరణకు స్టీమ్‌లో, నిజంగా దేశం మారినవాళ్ళు ఆ దేశపు బ్యాంకు కార్డుతో చెల్లించి తమ షాపు దేశాన్ని మార్చుకోవచ్చు, మూడు నెలలకు ఒకసారికి మించకుండా. కానీ మన జీవితాన్ని చూడండి. ఒక మనిషి నిజామాబాద్‌లో పుడతాడు, దుబాయ్‌లో పనిచేస్తాడు, పిల్లలు కెనడాలో చదువుతారు. ఒకే జీవితంలో మూడు దేశాలు. కానీ మావాడి లాంటి అకౌంట్లో అతను కొన్న ఆటకు ఒకే దేశం. ఇదే ఆటను డిస్క్‌గా కొంటే? ఇప్పటి కన్సోళ్ళలో చాలావాటికి డిస్క్ ఏ దేశంలో కొన్నా ఆడుతుంది. దుబాయ్‌లో కొన్న డిస్క్ కరీంనగర్‌లోనూ ఆడుతుంది, టొరంటోలోనూ ఆడుతుంది. దానికి అనుబంధంగా అమ్మే భాగాలు మాత్రం అకౌంట్ దేశంతో సరిపోవాలి. ఆ జాగ్రత్త అవసరమే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కౌలు రద్దయితే ఏమవుతుంది?

దుబాయ్ నగరాన్నే కథాస్థలంగా చేసుకుని వచ్చిన గేమ్ ఒకటుంది. పేరు స్పెక్ ఆప్స్: ది లైన్. జర్మనీలోని బెర్లిన్‌కు చెందిన యాగర్ స్టూడియో చేసింది, 2కే సంస్థ 2012 జూన్‌లో విడుదల చేసింది. ఇసుక తుఫానుల్లో కూరుకుపోయిన దుబాయ్ అందులో కనిపిస్తుంది. యుద్ధం మనిషిని ఏం చేస్తుందో చెప్పిన ఆటగా విమర్శకులు దాని గురించి ఇప్పటికీ రాస్తారు. ఈ దేశంలో దాని అమ్మకానికి అనుమతి రాలేదు. తన నగరం శవంలా చూపించబడటం ఏ దేశానికైనా నొప్పే, ఆ నిర్ణయం ఆ ప్రభుత్వానిది. కానీ అనుమతి ఉన్న దేశాల్లో కూడా ఏం జరిగిందో వినండి. 2024 జనవరిలో ఆ గేమ్‌ను స్టీమ్ మొదలైన డౌన్‌లోడ్ షాపుల నుంచి తీసేశారు. కారణం, కొన్ని భాగస్వామ్య లైసెన్సుల గడువు తీరిపోవడం. అప్పటికే కొన్నవాళ్ళు ఆడుకోవచ్చు. కొత్తగా ఎవరైనా కొనాలంటే ఎక్కడో ఎవరి అరలోనో మిగిలిన పాత డిస్క్ ఒక్కటే దారి. పన్నెండేళ్ళు నిండని గేమ్ సంగతి ఇది.

మన పిల్లలకు ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే ఫుట్‌బాల్ చూడండి. ఈ దేశంలో ఫిఫా గేమ్ ఆడని పిల్లవాడు అరుదు. ఫిఫా సంస్థకూ ఈఏ కంపెనీకీ మధ్య ఒప్పందం ముగిసింది. 2023 సెప్టెంబరులో కొత్త పేరుతో ఆట రాబోతుండగా, ఫిఫా 23తో పాటు అంతకుముందు ఏళ్ళ ఫిఫా గేమ్‌లను కూడా డౌన్‌లోడ్ షాపుల నుంచి తొలగించారు. పాత సామాను అమ్మే షాపుల్లో మాత్రం ఆ డిస్క్‌లు ఇప్పటికీ చేతులు మారుతూనే ఉన్నాయి.

షాపులే మూతపడటం ఇంకో సంగతి. నింటెండో తన వీ యూ, 3డీఎస్ యంత్రాల డౌన్‌లోడ్ షాపును 2023 మార్చి 27న మూసింది. ఎక్స్‌బాక్స్ 360 షాపు 2024 జూలై 29న మూతపడింది. డౌన్‌లోడ్‌గా మాత్రమే వచ్చిన చిన్న చిన్న ఆటలు ఎన్నో ఆ తలుపుల వెనకే ఉండిపోయాయి.

అయితే డిస్క్ ఉంటే చాలు, అంతా క్షేమం అని చెబితే నేను మీకు అబద్ధం చెప్పినట్టే. యూబీసాఫ్ట్ కంపెనీ ది క్రూ అనే కార్ల పందేల గేమ్‌ను 2014 డిసెంబరులో అమ్మింది. ఒంటరిగా ఆడినా సరే, ఆ కంపెనీ సర్వర్‌కు కలిసి ఉండాల్సిందే. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. ఆ రోజుతో డౌన్‌లోడ్ కొన్నవాడిదీ, డిస్క్ కొన్నవాడిదీ ఒకే గతి అయింది. డిస్క్ చేతిలో ఉంది, ఆట లేదు. 2022లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ: మోడర్న్ వార్‌ఫేర్ 2 ప్లేస్టేషన్ 5 డిస్క్ మీద ఉన్నది సుమారు 70 మెగాబైట్లు మాత్రమే. మిగతాదంతా ఇంటర్నెట్ నుంచి దిగాలి. 2025 జూన్‌లో వచ్చిన నింటెండో స్విచ్ 2కు గేమ్ కీ కార్డులు అని ఒక రకం వచ్చాయి. కార్డు ఉంటుంది, కానీ కార్డులో ఆట ఉండదు, దించుకోవాలి. దాన్ని మరొకరికి ఇవ్వడం కుదురుతుంది, అంతవరకు మేలే. కానీ దించుకునే చోటు మూసిన రోజు ఆ కార్డు ప్లాస్టిక్ ముక్క. ఇక ఎండ సంగతి మీకు చెప్పనక్కర్లేదు. జూలైలో పార్కింగ్‌లో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద డిస్క్ వదిలేస్తే అది వంకర పోవడానికి ఎంతో సేపు పట్టదు.

అందుకే డిస్కా, డౌన్‌లోడా అన్నది పైపైన కనిపించే ప్రశ్న. దాని అడుగున ఉన్న ప్రశ్న వేరు. నేను కొన్నది అమ్మినవాడి దయ లేకుండా రేపు నడుస్తుందా? దాన్ని నేను మరో మనిషి చేతిలో పెట్టగలనా? ఈ రెండింటికీ అవును అని జవాబు వస్తే అది మీ సొత్తు, ఏ రూపంలో ఉన్నా సరే. డౌన్‌లోడ్‌లో కూడా ఇది సాధ్యమే. 2008 నుంచి నడుస్తున్న గాగ్ అనే షాపు తాళాలు లేని గేమ్‌లు అమ్ముతుంది. వాటి ఇన్‌స్టాలర్ ఫైళ్ళను మీ సొంత హార్డ్ డిస్క్‌లో దాచుకోవచ్చు. ఆ షాపు రేపు లేకపోయినా ఆట ఆడుతుంది. అంటే ఇది సాంకేతికంగా చేయలేని పని కాదు. చేయాలనే మనసుకు సంబంధించిన పని.

ప్రపంచంలో న్యాయస్థానాలు, చట్టసభలు ఈ విషయంతో కుస్తీ పడుతున్నాయి. 2012లో ఐరోపా న్యాయస్థానం, డౌన్‌లోడ్ చేసి కొన్న సాఫ్ట్‌వేర్ లైసెన్సును తిరిగి అమ్ముకోవచ్చని ఒక కేసులో తీర్పు ఇచ్చింది. 2019లో పారిస్‌లో ఒక కోర్టు స్టీమ్ గేమ్‌లకూ అదే హక్కు ఉందన్నది. 2022లో పై కోర్టు దాన్ని కొట్టేసింది. గేమ్ అంటే ఒట్టి సాఫ్ట్‌వేర్ కాదు, అందులో కథ, సంగీతం, చిత్రం అన్నీ ఉన్నాయని, దానికి వేరే నియమం వర్తిస్తుందని ఆ కోర్టు వాదన. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో ఒక చట్టం చేసింది. 2025 జనవరి 1 నుంచి, ఇస్తున్నది లైసెన్సు మాత్రమే అయితే ఆ సంగతి కొనేవాడికి స్పష్టంగా చెప్పకుండా 'కొనండి' అనే మాట వాడకూడదు. ది క్రూ మూతపడ్డ తర్వాత ఐరోపాలో ఆటగాళ్ళు స్టాప్ కిల్లింగ్ గేమ్స్ అనే ఉద్యమం మొదలుపెట్టారు. సర్వర్లు ఆపేస్తే ఆపండి, కానీ కొన్నవాడు తన ఇంట్లో ఆడుకునే ఏర్పాటు చేసి వెళ్ళండి అన్నది వాళ్ళ కోరిక. దాని మీద 10 లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. నాకు ఆ కోరికలో అన్యాయం ఏమీ కనిపించలేదు.

ఆటలే కదా, పోతే పోయాయి అనేవాళ్ళున్నారు. వాళ్ళకు మన సినిమా కథ గుర్తుచేస్తాను. తెలుగులో మొదటి టాకీ భక్త ప్రహ్లాద. హెచ్.ఎం. రెడ్డి తీశారు, 1932లో విడుదలైంది. దాని ప్రింటు ఈనాడు లేదు. మన భాష తెరమీద మొదటిసారి పలికిన గొంతు మనకు దక్కలేదు. ఆ రోజున దాన్ని దాచాలని ఎవరికీ తోచలేదు.  ఈ రోజు ఆటల విషయంలో అదే తప్పు మళ్ళీ చేస్తున్నాం. అమెరికాలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ఒక అధ్యయనం చేసింది. 2010కి ముందు ఆ దేశంలో వచ్చిన ఆటల్లో 87 శాతం ఈనాడు మార్కెట్‌లో దొరకడం లేదని తేలింది.

ఇక, ఇది వింటున్న తల్లిదండ్రులకు, కుర్రాళ్ళకు నాలుగు మాటలు చెబుతాను.

కొత్తగా వచ్చే పెద్ద గేమ్ ధర అమెరికాలో సాధారణంగా 70 డాలర్లు. అంటే సుమారు 257 దిర్హమ్‌లు, మన రూపాయల్లో ఆరువేల దరిదాపు. అంత సొమ్ము పెట్టేముందు ఒక నిమిషం ఆలోచించండి. ఒకసారి ఆడి వదిలేసే ఆట అయితే, ధర తగ్గినప్పుడు డౌన్‌లోడ్ చేసుకోండి. తప్పు లేదు. పిల్లవాడు ప్రాణంగా చూసుకునే ఆట, ఏళ్ళ తరబడి ఆడే ఆట, తమ్ముడికి అందించే ఆట అయితే డిస్క్ కొనండి. ఆడటం అయ్యాక అమ్ముకున్నా కొంత డబ్బు చేతికొస్తుంది. ఈ ఊళ్ళో పాత డిస్క్‌కు కొనేవాళ్ళెప్పుడూ ఉంటారు, ఎందుకంటే ఎవరో ఒకరు రోజూ వస్తున్నారు, ఎవరో ఒకరు రోజూ వెళ్ళిపోతున్నారు.

డిస్క్ కొనేటప్పుడు పెట్టె వెనక చదవండి. ఇంటర్నెట్ తప్పనిసరి అని ఉందా, గేమ్ మొత్తం డిస్క్‌లో ఉందా, లోపల ఉన్నది ఒట్టి కోడ్ కాగితమేనా అని షాపువాణ్ణి అడగండి. పెట్టె మీద వయసు సంఖ్య కూడా చూడండి. 12 అని ఉందా, 18 అని ఉందా. డౌన్‌లోడ్ చేసిన ఆట పిల్లవాడి గదిలోకి చప్పుడు లేకుండా వచ్చేస్తుంది. పెట్టె మాత్రం హాల్లో మన కళ్ళముందు నుంచే లోపలికి వెళుతుంది.

అకౌంట్ తెరిచే రోజున, దేశం అన్నచోట తొందరపడకండి. నా తప్పు మీరు చేయకండి. ఎక్కడి కార్డుతో చెల్లిస్తారో, ఏ దేశంలో ఎక్కువ కాలం ఉంటారో ఆలోచించి పెట్టండి. ఈమెయిల్, పాస్‌వర్డ్ కాగితం మీద రాసి పాస్‌పోర్టులతో పాటు దాచండి. ఆఫీసువాళ్ళిచ్చిన ఈమెయిల్‌తో మాత్రం అకౌంట్ తెరవకండి. కొలువు పోయిన రోజు ఆ ఈమెయిల్ పోతుంది. దాంతోపాటు ఆటలూ పోవచ్చు.

చివరగా ఈ దేశపు పెద్దలకు, మన తెలుగు రాష్ట్రాల పెద్దలకు ఒక మనవి. 2023 నవంబరులో దుబాయ్ ప్రభుత్వం దుబాయ్ ప్రోగ్రామ్ ఫర్ గేమింగ్ 2033ను ప్రకటించింది. పదేళ్ళలో ఈ రంగంలో 30,000 కొత్త ఉద్యోగాలు, ప్రపంచంలోని మొదటి పది గేమింగ్ నగరాల్లో చోటు, ఇవి దాని లక్ష్యాలు. మన తెలుగు పిల్లలు ఎందరో ఆ ఉద్యోగాల్లో ఉండాలని నా కోరిక. ఆటలు తయారుచేసే నగరం ఆటలను దాచే నగరం కూడా కావాలి. దుబాయ్‌లోని అల్ జద్దాఫ్‌లో 2022 జూన్‌లో మహమ్మద్ బిన్ రషీద్ గ్రంథాలయం తెరిచారు. ఖురాన్ పెట్టుకుని చదివే చెక్క పీఠం ఆకారంలో కట్టిన అద్భుతమైన భవనం. అందులో పుస్తకాల పక్కన ఈ ప్రాంతంలో తయారయ్యే ప్రతి ఆటకూ ఒక ప్రతి, దాన్ని నడిపే యంత్రంతో సహా, భద్రంగా ఉండాలి. ఇండియాలో 1954 నాటి చట్టం ప్రకారం అచ్చయిన ప్రతి పుస్తకం ఒక ప్రతి కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికీ, చెన్నైలోని కన్నెమరా లాంటి గ్రంథాలయాలకూ చేరాలి. ఆ చట్టం వల్లే ఎన్నో తెలుగు పుస్తకాలు ఈనాటికీ దొరుకుతున్నాయి. హైదరాబాద్‌లో తయారయ్యే ఆటలకు అలాంటి నియమం ఒకటి ఎందుకు ఉండకూడదు? అడగాల్సిన సమయం ఇదే, ప్రింట్లన్నీ పోయాక కాదు.

మా కింది అంతస్తు అబ్బాయి ఇప్పుడు రాజమండ్రిలో చదువుకుంటున్నాడు. అతనిచ్చిన డిస్క్‌లు మా ఇంట్లో ఉన్నాయి. మావాడు ఆడటం అయిపోయినవి పై అంతస్తు పిల్లలకిచ్చాడు. ఒకదాని పెట్టె లోపల ఆ అబ్బాయి తన పేరు రాసుకున్నాడు. దాని కింద మావాడు తన పేరు రాశాడు. మొన్న చూస్తే మూడో పేరు చేరింది. అకౌంట్లో ఉండిపోయిన ఆ నలభై ఆటల మీద రెండో పేరు ఎన్నటికీ రాయడం కుదరదు.

ఈసారి పిల్లలకు ఆట కొనేముందు, ఇది రేపు ఇంకొకరి చేతిలో పెట్టగలమా అని ఒక్కసారి అడగండి. పెట్టగలిగితేనే దాన్ని కొన్నామని చెప్పుకోండి.